సూరిబాబు గారు నడిచిన ఆరు కిలోమీటర్లు

నవంబరు 4, బుధవారం. పోటు ఉదయం 5:50. తూర్పు గాలి.

ఇది నా సొంత చిట్టా. పేరు మంగతాయారు, వయసు యాభై ఎనిమిది, పని మంచాన పడ్డవాళ్ళని చూసుకోవడం. ఆఫీసు చిట్టా వేరే ఉంది. అది ఆఫీసు ఇచ్చిన తెర పలకలో ఉంటుంది, దాన్ని తూనిక అనే యంత్రం చదువుతుంది. ఈ కాగితం చిట్టాని ఎవరూ చదవరు గనక ఇందులో ఎంతైనా విసుక్కోవచ్చు.

ఏడింటికి మా మెరక ఏడు నుంచి పడవ మెరక తొమ్మిదికి చేరింది. మా ‘పక్కమనిషి’ సంఘం అంటే సువార్త, నేను, ఆ పడవ. అంతే. సముద్రం లోపలికి వచ్చాక జనాన్ని ఎత్తుగా కట్టిన మెరకల మీదికి చేర్చారు గానీ, మెరక తొమ్మిదికి ఆసుపత్రి కట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ మంచం దిగలేనివాళ్ళు పదమూడు మంది. కింది వరసలో ఆరుగురు సువార్త వాటా, పై వరసలో ఏడుగురు నా వాటా. బరువైనవాళ్ళ దగ్గర ఇద్దరం కలుస్తాం.

ఆముదం అడుక్కి వచ్చింది. పుండ్ల మందు రెండు డబ్బాలుంది. సూరిబాబు గారి నడుం కింద పుండు రూపాయి బిళ్ళంతకి తగ్గింది, పొడిగా ఉంది. కిందటేడు నాకు జ్వరం వచ్చి పది రోజులు పడవ ఎక్కకపోతే అది అరచేయంత అయింది. ఈసారి అలా అయితే ఎముకని పట్టుకుంటుందని డాక్టరు గారు తెర మీద చెప్పారు. ఎముకని పట్టుకుంటే మనిషి దక్కడు. అందుకని రోజూ మొదట చూసేది ఆ పుండునే.

పదకొండింటికి పలక మోగింది. నిధి కార్యాలయం నుంచి ఉత్తరం. ఏ సంఘానికి సర్కారు నిధి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో తూచి చెప్పేది అక్కడి యంత్రమే, తూనిక. ఉత్తరం పైన పూలదండ బొమ్మ ఉంది.

“అభినందనలు. మీ సంరక్షణలో ఉన్న పదమూడు మంది లబ్ధిదారులూ స్వస్థులయ్యారు. సేవ లక్ష్యం నెరవేరినందున నవంబరు 30తో నిధి ముగుస్తుంది. మీ సంఘ ప్రతినిధికి శాలువాతో సన్మానం జరుగుతుంది.”

కింద పట్టిక. సూరిబాబు, వయసు డెబ్బై ఒకటి, సగటున రోజుకు ఆరు కిలోమీటర్ల నడక, ఇరవై రెండు అంతస్తుల మెట్లు.

సూరిబాబు గారు ఒకప్పుడు గోదావరి రేవులో జనాన్ని దాటించే పంటు నడిపేవారు. పంటుకీ గట్టుకీ మధ్య పడి వెన్ను విరిగింది. నడుం కింద స్పర్శ లేక ఆరేళ్ళయింది. ఆయనకి పట్టిక చదివి వినిపిస్తే మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వారు.

“ఎటేపు నడిసేనటండీ? ఊరికే తిరిగేనా, ఏవైనా పని మీద ఎల్లేనా?”

నేనూ నవ్వాను. ఆయన భార్య చంద్రకాంతం గారు మాత్రం నవ్వలేదు. తలుపు పట్టుకుని నిలబడి అడిగారు.

“ముప్పయ్యో తారీకు తరవాత మీరిద్దరూ రారా అయితే?”

పొరపాటేదో జరిగుంటుంది, సరిచేయిస్తానన్నాను. పడవ ఎక్కాక నాకు నవ్వు రాలేదు.

నవంబరు 5, గురువారం. పోటు 6:35.

పొరపాటు దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

తొమ్మిదింటికి మెట్ల మీద సువార్త ఎదురొచ్చింది, రెండు చేతుల్లో నీళ్ళ బిందెలతో. నీళ్ళ తొట్టి అడుగున ఉంటుంది, ఇళ్ళు పైన ఉంటాయి, ఎన్నిసార్లు ఎక్కి దిగుతామో లెక్కలేదు. ఆమె ఎడం చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఆరు పట్టీలు. గాజుల్లా వరసగా. నా చేయి చూసుకున్నాను. ఏడు.

రోగుల చేతికి కట్టే ఈ కొత్త పట్టీలు మే నెలలో వచ్చాయి. నాడి, వేడి, నడక, నిద్ర, అన్నీ తూనికకి చేరవేస్తాయి. ఎవరెక్కడున్నారో మాత్రం చెప్పవు, దాని మీద జనం గొడవ చేస్తే తీసేశారు. చిక్కేమిటంటే, స్నానం చేయించి మందు రాశాక పుండు రెండు గంటలు ఆరాలి. ఒళ్ళంతా ఆముదం పట్టిస్తాం. ముసలివాళ్ళ చర్మం తడి మీద పట్టీకి అంటుకుని ఊడొస్తుంది. పట్టీ తీసి బల్ల మీద పెడితేనా, నాలుగు నిమిషాల్లో మనిషి పోయాడని కబురు వెళ్తుంది. శవాన్ని తీసుకెళ్ళే రెక్కల బండి వచ్చి వాలుతుంది. మేలో ఒకేరోజు మూడుసార్లు వాలింది. బండివాళ్ళు బతికున్న మనిషి ముందు ముసుగు గుడ్డ పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు తట్టింది నాకు. ఈ చిట్టాలోనే వెనక్కి తిప్పి చూశాను. మే 18న నా చేత్తోనే రాసుకున్నాను: ‘సువార్తకి చెప్పాను, పట్టీ తీసి నీ చేతికి కట్టుకో, పని అయ్యాక ఎవరిది వాళ్ళకి కట్టెయ్ అని. ప్రాణం హాయిగా ఉంది.’

అదే జరుగుతోంది ఆర్నెల్లుగా. ఏడు నుంచి పదకొండు దాకా పదమూడు మంది పట్టీలూ మా చేతులకే. తూనిక రోజంతా చూస్తే ఇంత అయ్యేది కాదు. సంఘాలకి అన్యాయం జరక్కూడదని ఎవరో దయగల అధికారి ఒక నియమం పెట్టించాడు: మనిషి బాగా తేరుకుని ఉన్న నాలుగు గంటలే లెక్కలోకి తీసుకోవాలని. ఆ నాలుగు గంటలూ సూరిబాబు గారు నా చేతి మీద ఉన్నారు. ఆరు కిలోమీటర్లూ నేను నడిచినవి.

“అక్కా, మనం ఏం తప్పు సేసేం?” అంది సువార్త. ఆమెకి ముప్పై ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా నాతోనే పనిచేస్తోంది. “ఆళ్ళ సర్మం ఊడకూడదనే గదా సేసేం?”

నిజమే. అయినా రేపు నిధి కార్యాలయానికి ఫోను చేయాలి.

నవంబరు 6, శుక్రవారం. పోటు 7:20. పడవ ఆలస్యం.

నిధి కార్యాలయానికి ఫోను చేశాను. గొంతు ఆడమనిషిదే, మనిషి మాత్రం కాదు. నా పేరు చెప్పగానే అభినందనలంది. వాళ్ళెవరూ బాగుపడలేదమ్మా అన్నాను. మీ వినయం ఆదర్శనీయం అంది.

అభ్యంతరం చెప్పుకోవాలంటే ఒక పత్రం ఉంది. కారణం అన్నచోట రెండే గడులు. ఒకటి, ‘స్వస్థులైన లబ్ధిదారులు తిరిగి జబ్బుపడ్డారు.’ రెండోది, ‘సంఘం మోసపు వివరాలు పంపింది.’ మేము ఏ మోసమూ తలపెట్టలేదు, పట్టీకి ఆముదం అంటకూడదని తీశాం అని రాయడానికి గడి లేదు. ఖాళీ జాగాలో రాద్దామంటే ఖాళీ జాగా లేదు.

రెండో గడి నొక్కితే ఏమవుతుందని అడిగాను. సంఘం రద్దవుతుంది, బాధ్యులైన వ్యక్తి మళ్ళీ రోగిని తాకడానికి వీల్లేదు అని, అదే తియ్యటి గొంతుతో చెప్పింది.

పత్రం మూసేశాను. ముప్పై ఆరేళ్ళుగా నేను చేసింది ఈ పనొక్కటే. ఇంకో పని నాకు చేతకాదు.

నవంబరు 9, సోమవారం. పోటు 9:40.

నాకో ఉపాయం తట్టింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, పట్టీలు ఎవరివి వాళ్ళ చేతులకే ఉంచేద్దాం. లెక్కలు వాటంతటవే కిందికొస్తాయి. తూనికే చూసుకుని, అయ్యో వీళ్ళింకా మంచాల మీదే ఉన్నారే అని ఉత్తరం వెనక్కి తీసుకుంటుంది. ఈ మాట చెప్తే సువార్త ముఖం విప్పారింది.

పట్టీలకి పాత చీరపేలికలు చుట్టి స్నానాలు చేయించాం. పని రెట్టింపయింది. సూరిబాబు గారి మణికట్టు కాస్త కందింది. “పరవాలేదండి, నేనేవైనా దాంతో పడవ తోలాలా?” అన్నారాయన.

చంద్రకాంతం గారు గడప మీద ముగ్గు పెట్టి ఉంచారు. ఎందుకని అడిగితే, మంచి కబురొచ్చే ఇంటికి ముగ్గుండాలి గదండి అన్నారు.

నవంబరు 11, బుధవారం. పోటు 11:15. పడవ కదల్లేదు.

రేవులో పసుపు జెండా ఎగురుతోంది. కాపలా మనిషి తాడు కట్టేశాడు.

“మెరక తొమ్మిదిలో అంటురోగవంటండి. తూనిక పట్టేసింది. మొన్నటిదాకా రోజుకి ఆరేసి కిలోమీటర్లు నడిసినోళ్ళు పదమూడు మంది ఒక్క పూటలో మంచం పట్టేసేరంట. అంతా కాళ్ళు పడిపోయే జబ్బంట.”

సువార్త నా చేయి పట్టుకుంది.

అక్కడ జబ్బేమీ లేదన్నాను, నేను ఎరుగుదునన్నాను. ఎరిగుంటే నిన్న ఎందుకు చెప్పలేదన్నాడు. అధికారి ఎవరైనా వచ్చి సంతకం పెట్టేదాకా రాకపోకలు బంద్, మూడు రోజులు పట్టొచ్చట.

ఇక్కణ్ణించి చూస్తే మెరక తొమ్మిది కనబడుతుంది. సూరిబాబు గారి పైకప్పు మీది నీలం రేకు కూడా కనబడుతుంది. అరగంట ప్రయాణం. ఇద్దరం గట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, అన్నం క్యారేజీలు విప్పకుండానే వెనక్కి వచ్చాం.

నవంబరు 12, గురువారం. పసుపు జెండా అలాగే ఉంది.

పొద్దుట చంద్రకాంతం గారికి ఫోను చేశాను. ఆవిడకి అరవై ఎనిమిది, కుడి భుజం ఎత్తలేరు. సూరిబాబు గారిది భారీ శరీరం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు భుజం కింద, ఒకరు తుంటి కింద చేయి పెట్టి, దుప్పటితో సహా లాగాలి.

“దుప్పటి లాగుతున్నానండి. సగమే తిరుగుతున్నారు. మళ్ళీ ఎనక్కొచ్చేత్తున్నారు.”

వీపు వెనక దిండ్లు ఎలా ఎగదోయాలో చెప్పాను. మేము లేనప్పుడు సాయం పట్టే పక్కింటివాళ్ళని పిలవండి అన్నాను.

“రారండి. అంటుకుంటాదంట.”

మిగతా పన్నెండు మందికీ ఫోన్లు చేశాను. అందరివీ ఏదో రకంగా ఇవే మాటలు. ఏడో ఇంట్లో ఫోను ఎత్తనే లేదు. అరగంట తర్వాత ఎత్తి, నీళ్ళకి వెళ్ళానన్నారు. ఆ అరగంట నేనెలా ఉన్నానో రాయలేను.

సాయంత్రం పలకలో సన్మానం తాలూకు ఆహ్వానం వచ్చింది. శాలువా రంగు ఎంచుకోమంటోంది.

నవంబరు 13, శుక్రవారం. జెండా ఉంది.

“వాసనొత్తందమ్మా,” అన్నారు చంద్రకాంతం గారు. మొదటిసారి నన్ను అమ్మా అన్నారు. “ఒళ్ళు కాలిపోతంది.”

ఫోను సూరిబాబు గారి దగ్గర పెట్టమన్నాను. ఆయనేదో పంటు గురించి మాట్లాడుతున్నారు, తాడు విప్పొద్దంటున్నారు, అవతల గట్టున జనం ఉన్నారంటున్నారు.

పుండు వల్లే జ్వరం వచ్చిందని నాకు తెలుసు. తూనికకి మాత్రం ఆయన పట్టీలో నూట మూడు డిగ్రీలు కనబడ్డాయి. మధ్యాహ్నం మూడింటికి పలకలో వచ్చింది: ‘మెరక తొమ్మిదిలో జ్వర లక్షణం నమోదైంది. అంటువ్యాధి అనుమానం బలపడింది. నిర్బంధం ఇరవై ఒక్క రోజులకు పొడిగింపు.’

చదివి పలకని నేలకేసి కొట్టాను. అది పగల్లేదు.

పట్టీలు ఎవరివి వాళ్ళకి ఉంచింది నేను. జెండా ఎగరేయించింది నేను. ఆ జెండా వల్లే జ్వరం వచ్చింది, ఆ జ్వరం చూపించి జెండా ఉంచేస్తున్నారు. పోయిన శుక్రవారం రెండో గడి నొక్కి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. నా ఉద్యోగం చూసుకున్నాను. ఇంకెవరికీ చెప్పను గానీ ఇక్కడ రాస్తున్నాను, నన్ను నేను చూసుకున్నాను.

నవంబరు 14, శనివారం. పోటు 1:30.

అధికారి వచ్చింది. పేరు షాహీనా బేగం, నిధి కార్యాలయంలో జిల్లా సమీక్షకురాలు. మహా అయితే ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. అంటురోగం అంటే మనిషి సంతకం లేకుండా కుదరదట, అందుకని పంపారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని రేవులో బల్ల వేసుకుని కూర్చుంది.

నేను నిలబడే అంతా చెప్పాను. ఆముదం, పట్టీలు, రెక్కల బండి, మెట్లు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అంతా అయ్యాక తన పలక నావైపు తిప్పింది. గీతలు, పదమూడు వరసలు.

“చూడండమ్మా. పదమూడు మంది, రెండే గుండెలు. ఈ ఆరుగురిదీ ఒకే నాడి, ఆ ఏడుగురిదీ ఒకే నాడి. ఏడుగురిలో పదిహేను ఇరవై సార్లు కొట్టుకున్నాక ఒకటి తప్పుతోంది.”

“అది నాదేనమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే.”

“తూనిక దీనికేమని రాసిందో తెలుసా? ‘పక్కమనిషి పద్ధతి వల్ల లబ్ధిదారుల హృదయాలు ఏకమయ్యాయి, ఇతర సంఘాలకు ఆదర్శం’ అని.” ఆమె నవ్వలేదు. “నేను సెప్టెంబరులోనే చూశాను. పైవాళ్ళకి రాస్తే, మోసం గడిలో పెట్టమంటారా అని అడిగారు. వద్దన్నాను. ఇంకో గడి లేదు కదా. ఊరుకున్నాను.”

అప్పుడు కోపం వచ్చింది నాకు. అయితే నువ్వూ ఊరుకున్నావు, నేనూ ఊరుకున్నాను, అక్కడ ఆయన కుళ్ళిపోతున్నాడు అన్నాను. ‘నువ్వు’ అన్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను. ఆమె పలకలో రెండో గడి తెరిచి, నొక్కితే ఏమవుతుందో చెప్పింది.

రెండో గడి నొక్కితే పాత లెక్కలన్నీ చెల్లవు. చెల్లకపోతే నడిచినవాళ్ళు పడిపోయారన్న మాటే ఉండదు. అంటురోగం ఉండదు. జెండా అప్పటికప్పుడు దిగుతుంది. పదమూడు మందీ మళ్ళీ రోగులవుతారు, నిధికి అర్హులవుతారు. మా సంఘం మాత్రం పోతుంది. తప్పులేని కార్యకర్త ఎవరైనా ఉంటే కొత్త సంఘం పేరుతో ఆ పడవతోనే పని కొనసాగించవచ్చు, రెండో మనిషి మంజూరు జనవరిలో వస్తుంది. తప్పున్న మనిషి మళ్ళీ రోగిని తాకకూడదు.

“పేరు కావాలి,” అంది షాహీనా. “ఒక్క పేరు చాలు. కానీ రెండు గుండెలున్నాయి.”

“నాదే రాసుకోండి,” అంది సువార్త వెనక నుంచి. “అక్కకి ఈ పని తప్ప ఏం రాదండి. నేను ఏ సేపల సెరువులోనైనా బతికేత్తాను.”

“నోర్ముయ్యవే,” అన్నాను. ఎనిమిదేళ్ళలో ఆమెని అంత మాట ఎప్పుడూ అనలేదు. “నీ నడుం గట్టిది. ఆయన్ని ఎత్తాలంటే నీ నడుమే కావాలి. నాది ఇంకో నాలుగేళ్ళకి ఎలాగూ పోతుంది.”

ఆదేశం ఇచ్చింది ఎవరో రుజువుంటే, చెప్పినట్టు చేసినవాళ్ళకి తప్పు అంటదట. రుజువేముందని అడిగింది షాహీనా. సంచీలోంచి ఈ చిట్టా తీసి, మే 18 పేజీ తిప్పి, బల్ల మీద పెట్టాను. ‘పట్టీ తీసి నీ చేతికి కట్టుకో.’ నా చేతిరాత, తేదీతో సహా. ఎవరూ చదవరనుకున్న చిట్టా మొట్టమొదట చదివింది నిధి కార్యాలయమే.

చిట్టా అప్పగించాలి. ఇవాళ్టిది వాళ్ళ బల్ల మీదే రాసి ఇచ్చేస్తున్నాను. షాహీనా గడియారం చూసుకుంటోంది గానీ తొందరపెట్టడం లేదు.

నవంబరు 16, సోమవారం. పోటు 3:10. ఇది విడి కాగితం.

శనివారం సాయంత్రం నాలుగింటికి జెండా దిగింది. ముక్కు గుడ్డ విప్పేసి షాహీనా కూడా పడవ ఎక్కింది. డాక్టరు గారు తెర మీద చెబుతుంటే సువార్త పుండు కడిగింది. అరచేయి కాదు, అంతకన్నా పెద్దది. ఎముక కనబడలేదు. ఇంకొక్క రోజు ఆగుంటే కనబడేదన్నారు. సూది మందు మొదలెట్టారు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పటికే నా చేతికి ఎర్ర పట్టీ కట్టారు. నిషేధం పడ్డవాళ్ళు ఏడాది పాటు కట్టుకోవాలి. మనిషిని ఎత్తేటప్పుడు చేతి నరాలు ఎలా బిగుస్తాయో దానికి తెలుసు, బిగిస్తే అరుస్తుంది. విప్పినా అంతే, నాలుగు నిమిషాల్లో అరుస్తుంది. చూడ్డానికి వెళ్ళొచ్చు, కబుర్లు చెప్పొచ్చు. తాకకూడదు.

సువార్త కొత్త సంఘానికి పేరు అడిగారట. ‘పక్కమనిషి’ అని మళ్ళీ పెట్టనివ్వరు. ‘ఇంకో మనిషి’ అని రాయించింది.

నవంబరు 21, శనివారం. పోటు 6:55.

జ్వరం తగ్గింది. పుండు తగ్గలేదు.

వారంగా రోజూ పడవలో వెళ్తున్నాను, చుట్టంలా. సువార్త ఒక్కతే పదమూడు మందిని చూస్తోంది. మధ్యాహ్నం రెండైనా పని తెమలడం లేదు. పగలు పక్కింటివాళ్ళు పనులకి పోతారు గనక సూరిబాబు గారిని తిప్పడానికి చంద్రకాంతం గారే ఒక చేత్తో సాయం పడతారు. సగమే తిరుగుతారు. నిన్న సువార్త ఆయన్ని తిప్పబోయి తనే మంచం మీద బోర్లాపడింది. అందరూ నవ్వారు. నేను కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎడం మోకాలు మంచానికి ఆనించు, ఊపిరి వదుల్తూ లాగు అని చెబుతూ కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

జనవరి దాకా ఇలా సాగదు. డాక్టరు గారు ఇవాళ పొద్దున్నే తెర మీద అదే అన్నారు. రెండు గంటలకోసారి పూర్తిగా తిప్పకపోతే సూది మందు దండగ అన్నారు. సువార్త తల దించుకుంది.

సూరిబాబు గారే కదిలారు. దుప్పటి కింద నుంచి ఎడం చేయి బయటికి తీశారు. కుడి చేతికి ఆయన పట్టీ ఉంది. ఎడం చేయి నా వైపు చాచారు, అరచేయి పైకి పెట్టి.

“ఇటియ్యండి.”

“ఏంటండి?”

“ఆ ఎర్రది. నా సెయ్యి ఖాళీగానే ఉంది గదండి. ఆర్నెల్లు నా బదులు మీరు నడిసేరు. ఓ నాలుగ్గంటలు మీ బదులు నేను పడుకుంటాను.”

చంద్రకాంతం గారు వెళ్ళి తలుపు జారేశారు. దొరికితే ఈసారి సన్మానమూ ఉండదు, గడులూ ఉండవు, సువార్త కొత్త సంఘం కూడా పోతుంది. ఆ మాట పైకే అన్నాను. సువార్త అప్పటికే దుప్పటి అంచు చుట్టి, తుంటి దగ్గర తన చోట నిలబడి ఉంది. “భుజం కాడ నువ్వు, అక్కా,” అంది.

పట్టీ విప్పి ఆయన చేతికి కట్టాను. లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాను. అది అరవలేదు. ఎడం మోకాలు మంచానికి ఆనించి, ఊపిరి వదుల్తూ లాగాం. ఆయన పూర్తిగా తిరిగారు. పుండు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ రెండు గంటలకి ఇటు తిప్పి, పై వరసలో మిగతా ఆరుగురి దగ్గరికీ వెళ్ళొచ్చాను. ముప్పై ఆరేళ్ళ పనిని పదకొండు రోజుల తర్వాత చేతులు మళ్ళీ పట్టుకున్నాయి. సంతోషంగా ఉంది. భయంగానూ ఉంది.

ఇప్పుడు ఆయన చేతుల మీద రెండు పట్టీలు, లోపల ఒకటే గుండె. నాది అప్పుడప్పుడూ తప్పుతుంది, ఆయనది తప్పదు. షాహీనా ఆ గీతలు చూస్తుంది. సెప్టెంబరులో చూసి ఊరుకుంది, ఈసారి ఏం చేస్తుందో తెలియదు. ప్రస్తుతానికి తూనిక లెక్కలో, మెరక ఏడుకి చెందిన మంగతాయారు అనే ఆవిడ ఇవాళ ఏడు నుంచి పదకొండు దాకా మంచం మీద కదలకుండా పడుకుంది, రెండుసార్లు పక్కకి తిరిగింది.